మన గ్రౌండ్ మనకుండాలె

పోయిన వారం ఒక ఫంక్షన్ హాలు వాళ్ల వెబ్‌సైటులో చిన్న మార్పు చేయబోయి కోడ్‌లో ఎక్కడో ఒక బ్రాకెట్టు మింగేశాను. సైటు మొత్తం తెల్లగా అయిపోయింది. అక్షరం లేదు, బొమ్మ లేదు, సున్నం కొట్టిన గోడలాంటి తెర. ఇలాంటివి నాకు కొత్త కాదు. అయినా ప్రతిసారీ ముందు ఫోన్ వైపు చూస్తాను, హాలు వాళ్లు చేస్తారేమోనని. అప్పుడే నా నోట్లోంచి నాకు తెలియకుండా ఒక మాట వచ్చింది: “ఫౌల్ పడ్డదంతే. మ్యాచ్ పోలే.”

గొంతు నాదే. మాట నాది కాదు. ఆ మాట అనే మనిషి పోయి ఏడాది దాటిందని అప్పుడు గుర్తొచ్చింది. కుర్చీలోంచి లేచి, ఆ తప్పిపోయిన బ్రాకెట్టును నిలబడే వెతికాను. ఆమె ఎప్పుడూ నిలబడే పనిచేసేది.

ఆమె ఆడపిల్లల ప్రభుత్వ హైస్కూళ్లలో ఆటల టీచరుగా చేసి రిటైరైన మనిషి. పరకాల చుట్టుపక్కల ఊళ్లలో ఆమె దగ్గర కబడ్డీ, ఖోఖో నేర్చుకోని తరం లేదు. కానీ ఆమె పేరు అడిగితే చాలామంది తడుముకుంటారు. అందరికీ ‘మేడం’. ఆదివారం చర్చికి వెళ్లినా, కూరగాయలకు వెళ్లినా, చీర కింద స్పోర్ట్స్ షూ ఉండాల్సిందే. ఆమె నడిస్తే పక్కవాళ్లు ఉరకాలి. మెల్లగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. హసన్‌పర్తిలో తన ఇంటి నుంచి ఆమె హనుమకొండలో ఉన్న నాకు ఫోన్ చేస్తే, మధ్యలో ఫోన్ ఎందుకు అనిపించేది.

హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక బట్టల దుకాణం పైన నా ఆఫీసు. ఆఫీసంటే ఒక గది, రెండు కంప్యూటర్లు. స్కూళ్లకు, దవాఖానలకు వెబ్‌సైట్లు చేసిపెడతాను. ఒక మధ్యాహ్నం ఆమె మెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గర నుంచే అడిగింది.

“సైట్లు చేసేది నువ్వేనా పిల్లా?”

“నేనే మేడం. కూసోండ్రి. ఎవలకు సైటు?”

“నాకే. కని చేసిపెట్టకు. చేసుడు చూపెట్టు.”

నా దగ్గరికి వచ్చేవాళ్లంతా పని నా మీద పడేసి వెళ్లేవాళ్లే. నేర్పమని అడిగినవాళ్లు లేరు. “నేర్చుకునుడు కష్టం మేడం. కోడ్ ఉంటది” అన్నాను.

“కష్టమా కాదా అని నిన్ను అడిగిన్నా? ఏడికెల్లి మొదలువెట్టాల్నో అది చెప్పు.”

సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి, ఫొటోలు నా బల్ల మీద పరిచింది. అన్నీ ఆడపిల్లలే. దుమ్ములో దొర్లుతున్నవాళ్లు, గాల్లోకి ఎగిరినవాళ్లు, మోకాలికి కట్టు కట్టుకుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నవాళ్లు. ఆమే తీసిన ఫొటోలు. ఆ పిల్లలు ఆడి గెలిచిన వార్తలు పేపర్లో వస్తే, అందులో ముఖ్య అతిథి పేరుండేది, పిల్లల పేర్లుండేవి కావట. అందుకని అంతకుముందు ఒక సోషల్ మీడియా పేజీలో ఈ ఫొటోలు పెట్టింది. వాటి కింద మొగవాళ్లు రాసిన రాతలు చూసి ఒక్కొక్కటీ తుడుస్తూ కూర్చుంది. చివరికి ఎవరో ఫిర్యాదు చేస్తే ఒక రోజు పేజీయే మాయమైంది.

“అది వాళ్ల జాగ మేడం. వాళ్ల రూల్స్ ఉంటయ్” అన్నాను.

“నేననేది గూడ అదే కదనే. పరాయి గ్రౌండ్ల ఆడితే విజిల్ వాళ్లదే. మన గ్రౌండ్ మనకుండాలె.”

ఆ రోజే బ్లాగు తెరిచాం. బ్లాగు తెరవడం ఎవరైనా తెరుస్తారు. దాన్ని మనకు నచ్చినట్టు మలుచుకోవాలంటే లోపలికి దిగాలి. సైటు రూపాన్ని తయారుచేసినవాడు ఇది ఇలా ఉండాలని పెట్టిన చోట, కాదు అలా ఉండాలని చెప్పే నాలుగైదు వరుసల కోడ్ తెచ్చి అతికించాలి. మేము దాన్ని స్నిపెట్ అంటాం. ఆమె ‘తునక’ అనేది. “ఇయాల ఒక తునక దొరికింది, చూద్దువు రా” అని పిలిచేది, సంతలో ఎవరికీ కనపడని మంచి మామిడిపండు తనకే కనపడ్డట్టు.

మొదటి తునక అక్షరాలు పెద్దవి చేసేది. “మా పిల్లలల్ల సగం మందికి కండ్లద్దాలు వచ్చినయ్” అనేది. ఆమె పిల్లలంటే మనవలను ఎత్తుకునే వయసువాళ్లు కూడా ఉన్నారు. తర్వాత తేదీలు తెలుగులో చూపించే తునక. ఆ తర్వాత ‘రీడ్ మోర్’ అన్న బటన్‌ను పీకేసి ‘ఇంకా ఉన్నది, చదువు’ అని పెట్టింది. బ్లాగు మామూలుగా పోస్టులను తేదీల వరుసలో చూపిస్తుంది. ఆమె ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ పెట్టి, వాటిని ఊళ్ల వరుసలో చూపించేట్టు మార్చింది. “మా పిల్లలు తేదీ పెట్టి వెతుకుతరా? ఊరు పేరు పెట్టి వెతుకుతరు.”

ఇంట్లో ఆమె లాప్‌టాప్ ఉండేది ఇస్త్రీ బల్ల మీద. నిలబడి, ఒక్క వేలితో కొట్టేది. ప్రతి తునక మీదా తెలుగులో ఒక వరుస రాసేది. కంప్యూటర్ పట్టించుకోకుండా దాటేసే, మనుషుల కోసం రాసుకునే వరుస అది. ‘ఇది తీస్తె తేదీలు మళ్ల ఇంగ్లీషుల పడ్తయ్’ అని ఒకచోట. ‘ఇది ఎందుకు పనిచేస్తాందో తెల్వది. పనిచేస్తాంది. ముట్టొద్దు’ అని ఇంకోచోట. ఇంత నిజాయితీ గల వ్యాఖ్య నా వృత్తిలో నేను మళ్లీ చదవలేదు.

ఇక మార్పు చేసి, పేజీ మళ్లీ తెరుచుకోవడం కోసం ఎదురుచూసేటప్పుడు ఆమెకొక అలవాటుండేది. ఊపిరి బిగబట్టి “కబడ్డీ కబడ్డీ కబడ్డీ” అని మొదలుపెట్టేది. కూత ఆగేలోపు పేజీ తెరుచుకోవాలి. నెట్ నెమ్మదిగా ఉన్న రోజు ఆమె ముఖం కందిపోయేది. “మేడం, ఊపిరి తీస్కోండ్రి” అని నేను బతిమాలితే చెయ్యి అడ్డంగా ఊపేది. కూత ముందు ఆగిపోతే నిట్టూర్చి “నేను ఔట్” అని ఒక అడుగు వెనక్కి వేసేది. ఒకసారి కింద దుకాణమాయన పైకి వచ్చి తలుపులోంచి తొంగిచూశాడు. “అమ్మా, మీ దగ్గర కబడ్డీ కోచింగ్ గూడ ఉన్నదా?”

సైటు మొదటిసారి తెల్లగైనప్పుడు ఆమె ఇంటి నుంచి ఫోన్ చేసింది. “పిల్లా, ఏం కనపడ్తలేదు. అంత తెల్లగున్నది.”

“మీరేం ముట్టుకోకుండ్రి మేడం. నేను ఇక్కడికెల్లి సరిచేస్త.”

“నువ్వు ముట్టకు. ఏడ చూడాల్నో చెప్పు చాలు. ఫౌల్ పడ్డదంతే, మ్యాచ్ పోలే.”

సాయంత్రానికి మళ్లీ ఫోన్. “దొరికింది! మీద చుక్క, కింద కామా. ఇంత లేదు, గింత పెద్ద సైటును పండవెట్టింది!” అని ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి సెమికోలన్‌ను ఆమె ‘ఆ పొట్టిది’ అని పిలిచేది.

సైటు నలుగురికీ తెలిసేసరికి కామెంట్లు మొదలయ్యాయి. కొన్ని కళ్లనీళ్లు తెప్పించేవి. “మేడం, నన్ను గుర్తుపట్టిండ్రా, షూ లేకుంట ఉరికిన పిల్లను” అని ఒకామె రాసింది. కొన్ని మాత్రం చదవగానే చెయ్యి కడుక్కోవాలనిపించేవి. కామెంట్లు మూసేద్దామన్నాను.

“మూస్తె మా పిల్లలు ఒకలనొకలు ఏడ పలకరించుకోవాలె? ఆ నోళ్లు మాత్రం మూసే తునక లేదా?”

ఉంది. కొన్ని పదాలు ఇస్తే, ఆ పదాలున్న కామెంట్‌ను గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

“ఐతె రాస్కో” అంది.

నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. ఆమె కిటికీ దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. నేను వరంగల్‌లోనే పుట్టి పెరిగాను. బస్టాండులో, బజారులో చెవిన పడని మాట లేదనుకునేదాన్ని. అయినా నా చెవులు వేడెక్కాయి. ఆమె మాత్రం క్లాసులో హాజరు పిలిచినట్టు ఒక్కొక్క బూతునూ తొణక్కుండా చెప్తూ పోయింది. “ఒత్తు పెట్టినవా? పెట్టు. ఒత్తు లేకుంట గూడ రాయి. చదువురాని లంగలు అట్లనే రాస్తరు.” నా వేళ్లు ఆగిపోతే, “ఏందే, సిగ్గా? అన్నోళ్లకు లేదు గని రాసేదానికి నీకెందుకు?” అంది.

“మేడం, ఇన్ని మీకెట్ల ఎరుక?”

“గ్రౌండు గోడకు అవుతల నిలవడి మొగోళ్లు అన్నయే కదనే. పిల్లలకు వినపడొద్దని ఇన్నేండ్లు విజిల్ ఊదిన.” కాసేపు కిటికీలోంచి చౌరస్తా వైపు చూసి, ఇటు తిరిగింది. “ఆగు, ఇంకొకటున్నది. అది ఒక హెడ్మాస్టర్ అన్నది. అది అన్నిటికన్న ముంగట రాయి.”

ఆ సైటులో అన్నిటికంటే మంచి ఫొటో స్వరూపది. కూతకు వచ్చిన పిల్ల పాదాన్ని రెండు చేతులతో పట్టి, నేల మీద బోర్లా పడి ఉంది స్వరూప. ముఖం నిండా మట్టి. నోరు తెరిచి అరుస్తోంది. నిక్కరు, బనియను, మోచేతికి నెత్తురు. చూస్తుంటే ఆ పట్టు ఇక వదలదని మనకు తెలిసిపోతుంది. కింద ‘స్వరూప, జిల్లా పోటీలు’ అని మేడం రాసింది.

ఒక ఉదయం ఇద్దరు మనుషులు నా ఆఫీసుకు వచ్చారు. సైటు అడుగున ‘సాయం’ అని మేడం నా ఆఫీసు పేరు పెట్టింది. దాన్ని పట్టుకుని వచ్చారు. తెల్ల చొక్కాలో ఉన్నాయన స్వరూప భర్తకు అన్న. పరకాల దగ్గరి ఊళ్లో సర్పంచ్ ఎన్నికలకు నిలబడుతున్నాడు. అవతలి పార్టీ పిల్లలెవరో ఈ ఫొటోను వాట్సప్‌లో తిప్పుతున్నారట, వీళ్లింటి కోడలు చూడండి అని.

“ఇప్పుడే తీసెయ్యాలె. ఈడ కూసుంట, తీసినంక లేస్త” అన్నాడు.

సైటు నాది కాదన్నాను. వినలేదు. మేడంకు ఫోన్ చేశాను. ఆటో దిగి, చెమటలు తుడుచుకుంటూ వచ్చింది.

“ఎవల ఫొటో తియ్యాలె?”

“మా తమ్ముని భార్యది.”

“పేరు?”

“చెప్పిన కద. మా తమ్ముని భార్య.”

“ఆమెకొక పేరు పెట్టి మా బడికి తోలిండ్రు. ఆ పేరు చెప్పు.”

ఆయన పక్కనున్నవాడి వైపు చూశాడు. “స్వరూప” అన్నాడు చివరికి.

“స్వరూప ఫొటో స్వరూప అడిగితె తీస్త. నడుమ నువ్వెందుకు?”

“ఆమె ఏం అడుగుతది? ఇంట్ల మేం చెప్పినట్టు వింటది.”

“ఐతె మంచిదే. నేను ఆమె చెప్పినట్టు వింట. పంపియ్యి.”

ఆయన లేచాడు. ఆడవాళ్లని ఊరుకుంటున్నానన్నాడు. ఠాణాకు పోతానన్నాడు. మెట్లు దిగేముందు నా వైపు తిరిగి, “ఈ బిల్డింగు ఎవలదో మాకు ఎరుకనే” అన్నాడు. ఆ మాట ఉత్తది కాదు. మర్నాడే ఓనరు ఫోన్ చేశాడు. “ఎవలో లీడర్లట కదమ్మా. మనకెందుకు ఈ లొల్లి?”

నేను హసన్‌పర్తి వెళ్లాను. ఎన్నికలయ్యేదాకా ఫొటో కనపడకుండా చేద్దామని, తర్వాత మళ్లీ పెడదామని చెప్పాను. ఆమె కోప్పడలేదు.

“భయమైతాందా?”

“ఐతాంది మేడం.”

“ఐతె నీ పేరు తీసేస్త.” అక్కడే, ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి, సైటు అడుగున ఉన్న నా ఆఫీసు పేరు తీసేసి, ఆ చోట తన ఇంటి అడ్రసు పెట్టింది. “ఇగ నీ దగ్గరికి రారు. వస్తె నా దగ్గరికి వస్తరు. ఫొటో మాత్రం ఉంటది.”

అప్పుడు నేను ఇంకో మాట అన్నాను. ఆ మాట రెండు రోజులుగా నా గొంతులో ఉంది. “మన సంగతి సరే మేడం. ఆ ఫొటో వల్ల ఆ పిల్ల ఇంట్ల దెబ్బలు తింటాందేమో.”

ఆమె వేలు కీబోర్డు మీదే ఆగిపోయింది.  తర్వాత వంగి, షూ లేసులు బిగించుకుంది. “పా పోదాం” అంది.

“ఏడికి?”

“అడగొద్దా ఆమెను?”

హనుమకొండ వచ్చి పరకాల బస్సెక్కాం. అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరికి. ఇంటి ముందు స్వరూప అత్త మమ్మల్ని లోపలికి రమ్మనలేదు. కోడలు చేను కాడ ఉందని చెయ్యి చూపించింది. పత్తి ఏరే రోజులు. వరుసగా వంగిన ఆడవాళ్లు, తలలకు తువ్వాళ్లు, నడుములకు కట్టిన సంచులు. ఎవరు ఎవరో నాకు తెలియలేదు. మేడం గట్టు మీద నిలబడి “స్వరూపా!” అని ఒక్క కేక వేసింది.

వరుసలోంచి ఒకామె నిటారుగా లేచింది. “మేడం!” అంటూ మొక్కల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చింది. చేను దాటి గట్టు దగ్గరికి వచ్చాక, ఇంక ఏం చేయాలో తెలియనట్టు నిలబడిపోయింది.

“ఫొటో చూసినవా?”

“లేదు మేడం. లొల్లి ఇన్న గని ఎవలు చూపెట్టలే.”

మేడం తన ఫోన్ తెరిచి ఇచ్చింది. స్వరూప వేళ్లు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. చాలాసేపు చూసింది. రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసి తన ముఖం చూసుకుంది. తర్వాత తన చేతులు చూసుకుంది. తర్వాత ఆ పట్టుకున్న పాదం చూసి ఫక్కున నవ్వింది. “వరంగల్ పోరి మేడం ఇది. ఎంత గుంజింది! ఇడుస్తనా నేను!” చుట్టూ చేరిన ఆడవాళ్లు తొంగిచూశారు. “గిది నువ్వేనా?” అని ఒక ముసలామె ఫోన్‌నీ స్వరూపనీ మార్చి మార్చి చూసింది.

మేడం వాళ్లను కొంచెం పక్కకు పొమ్మంది.

“స్వరూపా, నిన్ను అడగకుంట పెట్టిన. నీ నంబర్ దొరకలే. దొరికేదాక ఆగాల్సింది, ఆగలే. నాదే తప్పు. ఇప్పుడు అడుగుతాన. ఉంచాల్నా, తియ్యాల్నా?”

స్వరూప ఊరి దారి వైపు చూసింది.

“కొట్టిండా?” అంది మేడం. ఆమెకు మెల్లగా మాట్లాడటం వచ్చునని నాకు ఆ రోజే తెలిసింది.

“కొట్టిండు.”

“ఈ ఫొటోకేనా?”

“ఫొటో లేనప్పుడు గూడ కొట్టిండు మేడం. ఇది తీస్తె ఆగుతడా?”

  స్వరూప మళ్లీ ఫోన్ వైపు చూసింది.

“ఉంచుండ్రి” అంది. “కని కింద స్వరూప అని ఒక్కటే రాసిండ్రు. ఆ యేడు కెప్టెన్‌ను నేనే కద మేడం. అది రాయలే.”

“రాస్త.”

“మా నాయినోళ్ల ఇంటిపేరు గూడ రాయుండ్రి. బడిల అదే ఉండె.”

“రాస్త” అంది మేడం. అక్కడే, ఎండలో కళ్లు చికిలించి, ఒక్క వేలితో కొట్టింది. ఇంటిపేరు, పేరు, కెప్టెన్. స్వరూపకు చూపించింది. స్వరూప పెదాలు కదుపుతూ చదువుకుని తల ఊపింది.

“నాతోని వస్తవా?”

“ఇప్పుడు గాదు మేడం. బిడ్డ బడికి పోయింది. దాన్ని ఇడిసి రాను.”

“నా ఇల్లు ఎరుకేనా?”

“ఎందుకెరుక లేదు? జిల్లా ఆటలప్పుడు మాకందరికి అన్నం పెట్టింది ఆడనే కద.”

తిరుగు బస్సులో ఆమె ఊళ్లు దాటుతుంటే కిటికీలోంచి చూస్తూ, “వాడు లొల్లి చెయ్యకపోతె నేను వచ్చి అడుగుదునా పిల్లా?” అంది.  నా జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదది.

ఆ వారమే ఆమె తన పెద్ద తునక రాసింది. రాసిందంటే, అక్కడో ముక్క ఇక్కడో ముక్క తెచ్చి, కలిపి, విరగ్గొట్టి, మళ్లీ కలిపింది. ప్రతి పిల్ల పేజీలోంచి ఆ పిల్ల పేరు తీసుకుని, అడుగున తనంతట తానే ఒక ప్రకటన వేసే కోడ్ అది. ‘ఈ పేజీ స్వరూపది. మార్చాలన్నా, తీసెయ్యాలన్నా స్వరూపే అడగాలె. తండ్రి, అన్న, మొగడు, బావ, కొడుకు అడిగితే చెల్లదు.’ ఊరు ఊరుకూ, పేజీ పేజీకీ పేరు మారుతూ అదే ప్రకటన.

“కొంచెం మెత్తగ రాద్దామా మేడం?” అన్నాను.

ఆమె ఆలోచించింది. ‘కొడుకు’ తర్వాత ‘మామ’ అని చేర్చింది.

కొన్నాళ్లకు నేనే వెళ్లి, నా ఆఫీసు పేరు మళ్లీ పెట్టమన్నాను.

“భయం పోయిందా?”

“పోలే.”

“ఐనా పెట్టాల్నా?”

“పెట్టుండ్రి.”

పెట్టింది. మునుపటి కంటే పెద్ద అక్షరాల్లో పెట్టింది. ఓనరు ఇంకో రెండుసార్లు ఫోన్ చేసి ఊరుకున్నాడు.

ఎన్నికల్లో స్వరూప బావ, ఆ పెద్దమనిషి, గెలిచాడు. ఫొటో వల్ల ఆయనకు పోయిన ఓటు ఒక్కటీ ఉన్నట్టు లేదు. పత్తి ఏరడం అయిపోయాక, ఒక ఆదివారం మేడం చర్చి నుంచి వచ్చేసరికి స్వరూప కూతురితో గేటు ముందు కూర్చుని ఉంది. తర్వాత బావ, భర్త, ఊరి పెద్దలు జీపులో వచ్చారు. వాకిట్లో కుర్చీలు వేశారు. మేడం ఏదో మాట్లాడుతుందని అందరూ ఆమె వైపు చూస్తే, ఆమె చాయ్ గ్లాసులు పంచింది తప్ప నోరు విప్పలేదు. స్వరూపే మాట్లాడింది. చెయ్యి లేపనని పది మందిలో ఒప్పుకుంటే ఆలోచిస్తానంది. భర్త తల దించుకున్నాడు, ఒప్పుకోలేదు. జీపు వెళ్లిపోయింది. స్వరూప ఇప్పుడు హసన్‌పర్తిలో ఆడపిల్లల హాస్టల్లో పనిచేస్తోంది. సాయంత్రాలు అక్కడి పిల్లలకు కబడ్డీ నేర్పుతోంది. భర్త బిడ్డను చూడటానికి అప్పుడప్పుడు వస్తాడు, వాకిట్లో కూర్చుని వెళ్తాడు.

ఇదంతా చెప్తే మేడం మొండిది అనిపిస్తుంది. మొండిదే. కానీ ఒక మధ్యాహ్నం నా ఎదుటే ఆమెకు ఒక ఫోన్ వచ్చింది. పాత విద్యార్థి. తన ఫొటో తీసేయమంది. ఆమె ఫోన్ చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని, మాట్లాడుతూనే ఆ పేజీ తీసేసింది. “తీసిన బిడ్డా. చూస్కో ఒకసారి. పోయిందా? మంచిది. పిల్లలు బాగున్నరా?” అంది.

“ఎందుకు తియ్యమన్నదో అడగలేదా మేడం?”

“ఎందుకు అడగాలె? పేజీ ఆమెది.” తర్వాత కాసేపటికి, “మంచి ఫొటోనే ఉండె” అంది, తెర మీద ఆ ఊరి వరుస వైపు చూస్తూ.

పోయినేడు వానాకాలంలో ఆమెకు కిడ్నీలు చెడిపోయాయి. దవాఖానలో ఎక్కువ రోజులు లేదు. హసన్‌పర్తి ఇంట్లో శవపేటికలో పడుకోబెట్టినప్పుడు ఆమె ఎత్తు ఎంతో నాకు మొదటిసారి తెలిసింది. అంతవరకు ఆమెను కదలకుండా చూడలేదు. వాకిలి నిండా ఆడవాళ్లే. పరకాల వైపు నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లు, చంకలో పిల్లలున్నవాళ్లు, కర్ర పట్టుకున్నవాళ్లు. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే బయట కారు ఆగింది.

సర్పంచ్ వచ్చాడు. స్వరూప బావ. చేతిలో పెద్ద గులాబీల దండ. మర్యాదగానే వచ్చాడు, చెప్పులు విడిచి, తల వంచుకుని. వెనక ఒకతను ఫోన్ పైకెత్తి, “అన్నా, దండ జర పైకి వట్టు, ఇటు చూడు” అంటున్నాడు. ఆయన దండ పైకెత్తి ఇటు తిరిగాడు.

గోడకు ఆనుకుని నిలబడ్డ స్వరూప కదిలింది. పేటికకూ ఫోన్‌కూ మధ్య వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు పూడుకుపోయింది, అయినా వాకిలి అవతలిదాకా వినపడింది.

“జర ఆగుండ్రి బావా. ఫొటోకు ఆమెను అడిగిండ్రా?”

 ఆయన మేడం ముఖం వైపు చూశాడు, నిజంగానే ఆమె ఏదైనా అంటుందేమో అన్నట్టు. తర్వాత వెనకవాడికి ఫోన్ దించమని సైగ చేశాడు. దండ పెట్టి, చేతులు జోడించి, స్వరూప పక్క నుంచి తప్పుకుని వెళ్లిపోయాడు.

నెల తర్వాత నేనూ స్వరూపా కలిసి ఆ సైటులో మేడంకు ఒక పేజీ చేశాం. అందరికీ ఉన్న పేజీ ఆమెకు లేదు. స్వరూప చెప్పింది, నేను కొట్టాను. పాత పిల్లలు చాలామంది ఫొటోలు పంపారు. మంచివి ఉన్నాయి. పేటికలో ఉన్నదీ ఒకటి ఎవరో పంపారు, అది చూడగానే తీసేశాను. ఫొటో పెట్టకపోతే ఆ చోట బూడిదరంగులో ముఖం లేని మనిషి బొమ్మ ఒకటి తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. దాన్ని రానివ్వకుండా చేసే కోడ్ వెతికి అతికించాను. ఇప్పుడు అక్కడ ఖాళీ ఉంది. చూసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతారు, మేడం ఫొటో ఏదని. ఆమెను అడగలేదని చెప్తున్నాం.